ఇథెల్ పెన్రీ ఏ భాషలో అరిచాడు

ఇథెల్ పెన్రీ మా ఇంట్లో దిగిన కొత్తలో ఆ అబ్బాయికి కాస్త చెవుడేమో అనుకున్నాను. భోజనం పెడితే తినేవాడు, పళ్లెం కడిగి బోర్లించేవాడు, “థాంక్యూ, మిసెస్ ప్రోబర్ట్” అని మేడ మీది గదికి వెళ్లిపోయేవాడు. ఏదైనా అడిగితే ముందు నా నోటి వంక చూసేవాడు. కాసేపు ఆగి, ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాడు.

నేనప్పుడు పోర్త్ హెలిగ్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో వంటమనిషిని. ఆటగాళ్లకు మధ్యాహ్నం భోజనాలు, మ్యాచ్ రోజున టీలు, అన్నీ నా చేతి మీదుగానే జరిగేవి. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో పని చేస్తూ చేస్తూనే గుండె ఆగి పోయాడు. ఇంట్లో గదులు ఖాళీగా పడి ఉన్నాయి. దూరం ఊళ్ల నుంచి వచ్చిన కుర్ర ఆటగాళ్లను క్లబ్బు వాళ్లు నా దగ్గర దింపేవాళ్లు. అలా చాలామంది వచ్చారు, వెళ్లారు. అందరూ వాగుడుకాయలే. రేవులో ఓడ కూత వేసినా వినపడనంత గోల చేసేవాళ్లు. ఇలా నోరు కుట్టేసుకున్నవాణ్ణి మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

వాడిది మా వెల్ష్ దేశానికి ఉత్తరాన ఉన్న నాంట్ గారెగ్. పలకరాయి క్వారీల ఊరు. బడి మానేసి క్వారీలోనే పనికి చేరాడు, శనివారాలు క్వారీ జట్టుకి గోల్‌లో నిలబడేవాడు. అక్కడ చూసి మా క్లబ్బు వాళ్లు పట్టుకొచ్చారు. మనిషి మరీ పొడగరి కాదు. చేతులు మాత్రం వాడి ఒంటికి తగనంత పెద్దవి. నా టీ కప్పు వాడి చేతిలో ఉంటే బొమ్మ కప్పులా కనిపించేది.

మా దక్షిణాన, ఈ రేవు ఊళ్లలో, వెల్ష్ భాష ముసలివాళ్లతో పాటు చర్చి లోపలికి వెళ్లి తలుపేసుకుంది. మా అమ్మ మాట్లాడేది. నాకు మిగిలినవి రెండు కీర్తనలు, నాలుగు తిట్లు. నాంట్ గారెగ్‌లో అలా కాదు. అక్కడ పాలవాడూ పోలీసూ కుక్కా అందరూ వెల్షే. ఇథెల్ ఇంగ్లీషుని బడిలో నేర్చుకున్నాడు, బడిలోనే వదిలేశాడు.

మా మేనేజర్ క్లిఫర్డ్ సగ్డెన్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ నుంచి వచ్చినవాడు. ఆట తెలిసినవాడే, కాదనను. మొదటి రోజు కొత్తవాళ్లను వరసగా నిలబెట్టి పేర్లు అడిగాడు. వీడు చెప్పాడు.

“ఎథెలా?” అన్నాడు సగ్డెన్. “అది మా మేనత్త పేరు. ఆవిడ బంతి పట్టుకోవడం నేను చూడలేదు గానీ, నీకంటే మీసం బాగా ఉండేది.”

అందరూ నవ్వారు. ఇథెల్ మా వెల్ష్ మగవాళ్ల పేరు. ఇంగ్లీషువాళ్లలో ఎథెల్ అంటే పాతకాలపు ఆడవాళ్ల పేరు. మా వీధి చివర ఒక ఎథెల్ ఉండేది, పళ్లు కూడా లేవు ఆవిడకి.

“ఇథెల్ అండి,” అన్నాడు వాడు.

“అదే, ఎథెల్.”

“కాదండి. ఇ. ఇథెల్.”

“సరే ఎథెల్, మైదానం చుట్టూ పరుగెత్తు.”

వాడు పరుగెత్తాడు. తిరిగొచ్చి రొప్పుతూనే, “ఇథెల్ అండి,” అన్నాడు. ఆ రోజు నుంచి సగ్డెన్ ఎన్నిసార్లు తప్పు పేరుతో పిలిచినా అన్నిసార్లూ వాడు సరిచేశాడు. గొంతు పెంచేవాడు కాదు, మొహం మాడ్చేవాడు కాదు. ఊరికే సరిచేసేవాడు. అదే సగ్డెన్‌కి ఒళ్లు మండించింది. కోపం తెచ్చుకుంటే ఆడుకోవచ్చు. ఇలాంటి వాడితో ఏం చేస్తాడు?

ఇథెల్‌ని రిజర్వ్‌లో, అంటే రెండో జట్టులో పెట్టారు. వాడు ఆడిన మొదటి మ్యాచ్‌లోనే గొడవ వచ్చింది. గాయం నుంచి కోలుకుంటున్న మా కెప్టెన్ డెంజిల్ బివన్ కూడా ఆ రోజు రిజర్వ్‌లో ఆడాడు. డెంజిల్ సెంటర్ హాఫ్, గోల్‌కీపర్ ముందు కోటగోడలా నిలబడే మనిషి. వయసు మీద పడుతున్నా తల మాత్రం ఎక్కడ బంతి ఉంటే అక్కడ పెట్టేవాడు. పైనుంచి ఒక బంతి వచ్చింది. ఇథెల్ ముందుకి దూకుతూ “ఫీ బియా హి” అని అరిచాడు. నాది, వదిలెయ్ అని అర్థం. డెంజిల్‌కి ఏం అర్థం కాలేదు. గాలిలోకి లేచాడు. ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి మెల్లగా దొర్లుకుంటూ గోల్‌లోకి వెళ్లిపోయింది. డెంజిల్ పెదవి చీలి రక్తం కారింది.

“ఈ క్లబ్బులో ఇంగ్లీషులో అరుస్తావు,” అన్నాడు సగ్డెన్ అందరి ముందూ. “లేదా అరవనే అరవవు. అర్థమైందా?”

ఇథెల్ తలూపాడు. తప్పు తనది కాబట్టి మాట విన్నాడు. ఆ తర్వాత మ్యాచ్‌లలో ఇంగ్లీషులోనే అరవాలని చూశాడు. నేను స్టాండ్‌లో కూర్చుని గమనిస్తూనే ఉన్నాను. బంతి వస్తుంది. వాడి నోరు తెరుచుకుంటుంది. మాట రాదు. వచ్చేసరికి ఎవడో ఒకడు బంతిని తన్నేసి ఉంటాడు, మన గోల్‌లోకో బయటికో. సగ్డెన్ వాణ్ణి రిజర్వ్ నుంచి కూడా తీసేసి, బడి పిల్లలతో ఆడే మూడో జట్టులోకి తోసేశాడు.

“నోరు లేని కీపర్ గుడ్డి కాపలావాడితో సమానం,” అన్నాడు క్యాంటీన్‌లో, వాడికి వినపడేలా. “మే నెలతో నీ ఒప్పందం అయిపోతుంది. మీ ఊరెళ్లి రాళ్లు కొట్టుకో.”

“మే దాకా ఉంటానండి,” అన్నాడు ఇథెల్.

“ఇప్పుడే వెళ్లొచ్చు. నేనేం అనుకోను.”

“నేను అనుకుంటాను.”

అంతే అన్నాడు. పళ్లెం తెచ్చి నా కిటికీలో పెట్టాడు.

ఆ వారమే కుర్రాళ్లు ఇంకో వెధవ పని చేశారు. క్లబ్బు వంటింటి మేకుకి వేలాడే నా ఏప్రన్, గులాబీ పూలది, అంచుకి కుచ్చులు కుట్టినది, దొంగిలించి వాడి బట్టల కొక్కానికి తగిలించారు. దాని మీద లిప్‌స్టిక్‌తో ఎథెల్ అని రాశారు. వాడు వచ్చాడు, చూశాడు. అందరూ నవ్వు ఆపుకుంటూ కూర్చున్నారు. వాడు ఆ ఏప్రన్ తీసి మెడలో వేసుకుని, నడుముకి గట్టిగా ముడి వేసుకుని, దాంతోనే ప్రాక్టీసుకి బయటికి నడిచాడు.

నేను కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. బురదలో, గులాబీ పూల ఏప్రన్‌లో, గోల్ మధ్యలో నిలబడ్డాడు. కుర్రాళ్లు మొదట నవ్వుతూ కొట్టారు. వాడు పట్టాడు. ఇంకా గట్టిగా కొట్టారు. పట్టాడు. కాసేపటికి నవ్వులు ఆగాయి. ఒకడికి పంతం వచ్చి దగ్గర్నుంచి మొహం మీదికే కొట్టాడు. వాడు దాన్నీ పట్టి, నేల మీద రెండుసార్లు కొట్టి, వెనక్కి విసిరాడు. భోజనం వేళ దాకా ఏప్రన్ విప్పలేదు. భోజనానికి వచ్చి నా ముందు నిలబడి, “దీన్ని ఉతికి రేపు ఇస్తాను,” అన్నాడు. మర్నాడు ఇస్త్రీ చేసి మరీ తెచ్చాడు. లిప్‌స్టిక్ మరక పూర్తిగా పోలేదు. నాకు పట్టలేదు.

ఆ ఆదివారం వాడు నా దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే అడిగాను.

“అరవడానికి అంత కష్టమేంటి నాయనా? ఒక్క మాటేగా.”

“మాట తెలుసు ఆంటీ.” మొదటిసారి ఆంటీ అన్నాడు. “తెలుసు గానీ, అది నోట్లోకి వచ్చే లోపల బంతి వచ్చేస్తుంది.”

“అలవాటైతే వస్తుందిలే.”

వాడు చాకు పక్కన పెట్టాడు. మాటలు ఏరుకుంటూ చెప్పాడు. “క్వారీలో పైన రాయి కదిలితే, చూసినవాడు అరవాలి. నేను చేరిన ఏడాది ఒకరోజు మా బాబాయి కిందన పని చేస్తున్నాడు. రాయి కదలడం చూశాను. అరిచాను. ఏం అరిచానో నాకే తెలీదు. ఆయన పక్కకి దూకాడు. ఒక బూటు రాయి కింద ఉండిపోయింది. కాలు మాత్రం బయటికి వచ్చింది.” మళ్లీ చాకు అందుకున్నాడు. “నేనప్పుడు ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుని ఉంటే?”

నేను చెక్కు తీసిన దుంపలు గిన్నెలో వేశాను.

“నేను పొగరుతో చెయ్యట్లేదు ఆంటీ. వాళ్లు అలా అనుకుంటున్నారు. గోల్‌లో నిలబడ్డాక నాకు ఆలోచించే టైమ్ ఉండదు. ఆలోచిస్తే గోల్ పడుతుంది. నేను మూగగా నిలబడి గోల్స్ తినను. అది మాత్రం నా వల్ల కాదు.”

ఆ మాట అన్నప్పుడు వాడి మొహం చూశాను. పొగరు లేదన్నాడు గానీ, కొంచెం ఉంది. ఉండటమే నాకు నచ్చింది.

మర్నాడు క్యాంటీన్‌లో అందరూ కావుల్ తాగుతున్నారు. మటన్ ఎముకలతో, ఉల్లికాడలతో చేసేది, చలికాలం అదొక్కటి ఉంటే ఇంకేం అడగరు. ఇథెల్ తన గిన్నె పట్టుకుని తిన్నగా వెళ్లి డెంజిల్ ఎదురుగా కూర్చున్నాడు. కెప్టెన్ బల్ల దగ్గర పిలవకుండా ఎవరూ కూర్చునేవాళ్లు కాదు.

“కెప్టెన్, మీకు మూడు మాటలు నేర్పిస్తాను.”

డెంజిల్ చెంచా దించలేదు. “నా మూతి పగలగొట్టావు. కుట్ల మచ్చ ఇంకా ఉంది, చూడు. ఇప్పుడు పంతులు వేషం వేస్తావా?”

“అందుకే కదా నేర్పిస్తానంటున్నాను.”

“ఒరే అబ్బాయ్, నాకు బడిలో ఇంగ్లీషే ఎక్కలేదు. ఇంక వెల్ష్ ఎక్కడ ఎక్కుతుంది?”

“మీ ఇంట్లో ఎవరికీ రాదా?”

“మా మామ్‌గీకి వచ్చేది, మా నాన్న తల్లికి. ఆవిడ పోయి చాలా కాలమైంది.”

“చిన్నప్పుడు మిమ్మల్ని తిట్టాలంటే ఆవిడ ఏమనేది?”

డెంజిల్ ఆలోచించాడు. చెంచా గిన్నెలో పెట్టేశాడు. “ఏమనేది... పైడ్ అనేది. పొయ్యి దగ్గరికి వెళ్తే పైడ్. కేకు మీద చెయ్యి వేస్తే పైడ్. కుక్క తోక పట్టుకుంటే పైడ్.”

ఆ మాట వినపడగానే పక్క బల్ల దగ్గర, గోల్‌కి కుడిపక్క కాపు కాసే రైట్ బ్యాక్ తల ఎత్తాడు. “మా అమ్మమ్మ కూడా అంతే. చెంచాతో వేళ్ల మీద ఒక్కటి వేసి మరీ అనేది.” ఇంకొకడు, వెల్ష్ ఒక్క ముక్క రాదని ప్రమాణం చేసేవాడు, “మా ఇంట్లోనూ,” అన్నాడు సిగ్గుపడుతూ. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా అమ్మ ఆ మాట అంటుంటే నా చెయ్యి గాలిలోనే ఆగిపోయేది. వద్దు, ఆగు, ముట్టుకోకు, అన్నీ ఆ ఒక్క మాటలోనే ఉండేవి.

“ఆ మాట వింటే మీరేం చేసేవాళ్లు?” అని అడిగాడు ఇథెల్.

“ఏం చేస్తాం, ఆగిపోయేవాళ్లం,” అన్నాడు డెంజిల్.

“అయితే నేను నేర్పించేదేం లేదు. మీకు వచ్చు.”

గిన్నె తీసుకుని లేచి తన చోటికి వెళ్లిపోయాడు.

ఉత్తరాన వాడు అరిచే మాట వేరు. దాన్ని పక్కన పెట్టేశాడు. ప్రాక్టీసులో సగ్డెన్ అటు మళ్లినప్పుడల్లా డెంజిల్, రైట్ బ్యాక్, ఇథెల్ ముగ్గురూ గోల్ దగ్గర చేరేవాళ్లు. ఎవడో ఒకడు పైనుంచి బంతి వేసేవాడు. డెంజిల్ తన్నడానికి కాలెత్తేవాడు. వెనక నుంచి “పైడ్” అని వినపడేది. డెంజిల్ కాలు గాలిలోనే నిలిచిపోయేది, ఇథెల్ వచ్చి బంతి తీసుకునేవాడు. మొదటిసారి అలా జరిగినప్పుడు డెంజిల్ తన కాలి వంక చూసుకుని నోటికొచ్చిన బూతు తిట్టాడట. “నా కాలు నన్ను అడగలేదురా,” అన్నాడట. అది నాకు చెప్పడానికి ప్రత్యేకంగా వంటింట్లోకి వచ్చాడు.

ఇదంతా సగ్డెన్‌కి తెలీదు. తెలిసినా ఏం మారేది కాదు. మొదటి జట్టు కీపర్ రాయ్ ట్రాంటర్ నిలకడైన మనిషి, వాణ్ణి తీసేసే పనే లేదు. కానీ ఒక గురువారం రాయ్ ఇంటి కప్పు తూము శుభ్రం చేస్తూ నిచ్చెన మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. సగ్డెన్ ఊరూరా ఫోన్లు చేశాడు. ఎవరూ కీపర్‌ని అరువివ్వలేదు. శనివారం వచ్చేసింది. ఆడాల్సింది ఇంగ్లండ్ నుంచి వచ్చిన జట్టుతో, పట్టికలో మాకంటే చాలా పైనున్నవాళ్లతో.

మ్యాచ్‌కి ముందు నేను టీ ట్రే పట్టుకుని డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లాను. సగ్డెన్ మాట్లాడుతున్నాడు.

“ఎథెల్, ఇవాళ గోల్‌లో నువ్వు. ఒక్కటే చెప్తున్నా. వెల్ష్ ముక్క ఒకటి వినపడిందా, హాఫ్‌టైమ్‌లో చొక్కా విప్పించి రైట్ బ్యాక్‌కి ఇచ్చేస్తా.”

ఇథెల్ బూటు తాడు కడుతున్నాడు. కట్టడం పూర్తి చేసి లేచి నిలబడ్డాడు. వాడి ఇంగ్లీషు నెమ్మదిగానే వచ్చింది, కానీ తడబడలేదు.

“మిస్టర్ సగ్డెన్, నా పేరు ఇథెల్. నోటికి ఏది ముందొస్తే అదే అరుస్తాను. అది వద్దంటే చొక్కా ఇప్పుడే తీసుకోండి. హాఫ్‌టైమ్ దాకా ఎందుకు?”

ఆకుపచ్చ చొక్కా తల మీదుగా విప్పి చెయ్యి చాపి పట్టుకున్నాడు. బయట జనం బెంచీల మీద కాళ్లతో కొడుతున్న చప్పుడు వినపడుతోంది. రైట్ బ్యాక్ ఆ చొక్కా వైపు చూడకుండా గోడ వైపు తిరిగిపోయాడు.

“నాకు అర్థమవుతుంది బాస్,” అన్నాడు డెంజిల్ మూల నుంచి.

“ఏం అర్థమవుతుంది? నీకు వెల్ష్ రాదు.”

“నాకు రాదు. నా కాళ్లకి వచ్చు.”

సగ్డెన్ ఆ చొక్కా వంక చూశాడు, డెంజిల్ వంక చూశాడు, ఆఖరికి నా వంక చూశాడు, ఇదంతా నా వంట వల్లే వచ్చినట్టు. “టీ అక్కడ పెట్టి వెళ్లమ్మా,” అన్నాడు. చొక్కా మాత్రం ముట్టుకోలేదు. ఇథెల్ మళ్లీ వేసుకున్నాడు.

జట్లు మైదానంలోకి వస్తుంటే మైకులో పేర్లు చదివారు. మైకు దగ్గర కూర్చునేది రిటైరైన బస్ కండక్టర్ విల్ఫ్. అద్దాల గది, ఆటగాళ్లు బయటికి వచ్చే దారి పక్కనే. క్లబ్బులో వినపడినట్టే ఆయనా చదివాడు. “గోల్‌కీపర్, ఎథెల్ పెన్రీ.” వచ్చిన జట్టు జనం పగలబడి నవ్వారు. అటు మూల నుంచి “ఎథెల్, ఎథెల్” అని పాట మొదలైంది.

గోల్ వైపు పరుగెడుతున్న ఇథెల్ ఆగాడు. వెనక్కి తిరిగాడు. రిఫరీ గడియారం చూసుకుంటూ ఉండగానే నడుచుకుంటూ వచ్చి అద్దం మీద కొట్టాడు. విల్ఫ్ తలుపు తీశాడు గానీ మైకు ఆపడం మర్చిపోయాడు. మైదానం మొత్తానికి వినపడింది.

“ఇ. ఇథెల్. మళ్లీ చెప్పండి.”

“ఏంటి బాబూ?”

“నా పేరు. ఇథెల్.”

“ఇథెల్.”

“ఆఁ. ఇప్పుడు వాళ్లకి చెప్పండి.”

విల్ఫ్ గొంతు సవరించుకుని, మేయర్ పేరు చదివినంత గంభీరంగా చదివాడు. మా జనం మొదట నవ్వారు, తర్వాత చప్పట్లు కొట్టారు. వాడు చప్పట్ల వైపు చూడలేదు. పరుగెత్తుకుంటూ వెళ్లి గోల్‌లో నిలబడ్డాడు.

ఆ తర్వాత అంతా గొప్పగా జరిగిందని చెప్పను. ఆట మొదలైన కాసేపటికే దూరం నుంచి కొట్టిన ఒక మామూలు బంతి బురదలో జారి వాడి పొట్ట కిందనుంచి లోపలికి వెళ్లిపోయింది. చిన్నపిల్లాడు కూడా ఆపే బంతి. అటు మూల పాట రెట్టింపైంది. సగ్డెన్ టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నేను మొహం కప్పుకున్నాను. వేళ్ల సందుల్లోంచి చూస్తే వాడు బంతిని వలలోంచి తీసి, మొహం మీద బురద తుడుచుకుని, డెంజిల్‌ని ఇంకో రెండు అడుగులు ఎడమకి జరగమని చేత్తో చూపిస్తున్నాడు. ఇప్పుడే గోల్ తిన్నవాడు కెప్టెన్‌ని సర్దుతున్నాడు.

సరిగ్గా అప్పుడే నోరు తెరిచాడు. వాడి గొంతు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలీదు. మా ఇంట్లో ఉప్పు అడగడానికి కూడా మొహమాటపడే మనిషి, క్వారీలో పైనుంచి కిందికి వినపడేలా అరిచాడు. “పైడ్.” డెంజిల్ ఆగాడు. ఇథెల్ వచ్చి బంతి తీసుకున్నాడు. మళ్లీ కార్నర్, మళ్లీ “పైడ్.” నా పక్కన కూర్చున్న మిసెస్ మొరిస్ చేతిలో చాక్లెట్ నోటి దగ్గరే ఆగిపోయింది. “అయ్యో, మా అమ్మ గుర్తొచ్చింది,” అంది. స్టాండ్ నిండా ఆ మాట విన్న మొహాలు ఒక్కసారి పిల్లల మొహాల్లా అయిపోయాయి.

మా జనానికి అది తెగ నచ్చేసింది. రెండో సగంలో బంతి పైకి లేచినప్పుడల్లా వాళ్లే “పైడ్” అని అరవడం మొదలుపెట్టారు. దాంతో కొంప మునిగింది. తన్నాల్సిన బంతిని కూడా మావాళ్లు వదిలేశారు. ఒకటి గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది గనక బతికిపోయాం. డెంజిల్ స్టాండ్ వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

“వాడొక్కడే అరవాలి,” అని కేకేశాడు. “మీరంతా నోళ్లు మూసుకోండి.”

జనం నోళ్లు మూసుకున్నారు. మా మైదానం అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఒక్క గొంతే, గోల్‌లోంచి. ఆట చివర్లో మావాళ్లు ఎలాగోలా ఒక గోల్ తోశారు, ఎవడి మోకాలికి తగిలి వెళ్లిందో వాడికే తెలీదు. ఆ వెంటనే అవతలి జట్టువాడు ఒంటరిగా బంతితో దూసుకొచ్చాడు. ఇథెల్ వాడి బూట్ల ముందుకి తలతో సహా పడిపోయాడు. లేచేసరికి ముక్కు నుంచి రక్తం, ఒడిలో బంతి. మ్యాచ్ సమానంగా ముగిసింది.

సగ్డెన్ క్యాంటీన్‌లోకి వచ్చి వాడి ముందు నిలబడ్డాడు.

“ఆ గోల్ నీ తప్పే.”

“అవునండి.”

“మిగతాది పర్వాలేదు.” తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి, “మంగళవారం కూడా నువ్వే, కీపర్,” అన్నాడు.

ఎథెల్ అనలేదు. ఇథెల్ అని కూడా అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ కీపర్ అనే పిలిచాడు. వాడు దాన్ని సరిచెయ్యలేదు, అది నిజమే కాబట్టి.

అక్కడితో అంతా గెలిచేసినట్టు కాదు. వసంతానికి రాయ్ మణికట్టు బాగైంది, సగ్డెన్ అతన్నే మళ్లీ నిలబెట్టాడు. ఇథెల్ ఆఫీసు తలుపు కొట్టి, “ఎందుకు?” అని అడిగాడు. “వాడు నీకంటే మంచి కీపర్ గనక,” అన్నాడు సగ్డెన్. “ఇవాళ్టికి,” అన్నాడట వీడు, బయటికి వచ్చేశాడు. మేలో మాత్రం సగ్డెన్ వాణ్ణి పంపెయ్యలేదు. వేసవంతా వాడు బొగ్గు గోదాము గోడకి బంతి కొడుతూ, తిరిగొచ్చిన బంతి పడుతూ గడిపాడు. ఆ గోడ వెనక ఇంటివాళ్లు నా దగ్గరికి వచ్చి గొడవ పెట్టుకుంటే నేను వాళ్లతో గొడవ పెట్టుకున్నాను. ఆకులు రాలే వేళకి రాయ్ బెంచీ మీద కూర్చున్నాడు. ఆ చోటు అతనికి ఇష్టం లేదు గానీ, ప్రాక్టీసులో ఇథెల్‌కి కార్నర్లు వేసేది అతనే.

మరుసటి ఏడాది ఇంగ్లండ్ మధ్య ప్రాంతం నుంచి పెద్ద క్లబ్బు మేనేజర్ ఒకాయన మా ఇంటికి వచ్చాడు. బాగా లావు మనిషి. మా ముందు గదిలో కూర్చుని నేను చేసిన కిస్మిస్ బ్రెడ్డు మీద వెన్న రాసుకుంటూ తన మైదానం ఎంత పెద్దదో చెప్పాడు. ఇథెల్ అంతా విన్నాడు.

“మీ జట్టులో నేను ఏ భాషలో అరవొచ్చు?” అని అడిగాడు.

ఆయన నమలడం ఆపాడు. “బంతి పట్టు చాలు. చైనీసులో అరిచినా నాకు పట్టదు.”

“చైనీసు రాదండి. వెల్ష్.”

“అక్కడ ఎవరికీ అర్థం కాదు నాయనా.”

“నేర్పిస్తాను.”

“నేర్చుకోకపోతే?”

“అరుస్తూనే ఉంటాను.”

ఆయన నా వంక తిరిగాడు. “వీడు ఇంట్లో కూడా ఇంతేనా అమ్మా?”

“ఇంట్లో వాడికి నోరే లేదండి,” అన్నాను. ఆయన నవ్వి ఇంకో ముక్క తీసుకున్నాడు.

అలా వెళ్లాడు. తన దుప్పటి తనే మడిచి పెట్టి, గది ఊడ్చి, పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. నేను ఏడవలేదు. ఏడిస్తే వాడికి ఏం చెయ్యాలో తెలిసేది కాదు.

అక్కడ ఆడిన మొదటి శనివారం సాయంత్రం మా హాల్లో ఫోన్ మోగింది. రేడియోలో స్కోరు అప్పటికే విన్నాను. అయినా వాణ్ణే చెప్పనిచ్చాను.

“నాలుగు తిన్నాను ఆంటీ.”

“విన్నాను.”

“ఒకటి నా తప్పు. మూడు వాళ్లు వినకపోవడం వల్ల.”

“ఇప్పుడేం చేస్తావు?”

“వచ్చే శనివారం ఇంకా గట్టిగా అరుస్తాను.”

పబ్బులోంచి చేస్తున్నట్టున్నాడు, వెనక ఎవడో పాట పాడుతున్నాడు. ఇథెల్ గొంతులో దిగులుందేమో అని చెవి పెట్టి విన్నాను. ఉంది, కొంచెం. దాని మీద మొండితనం కూర్చుని ఉంది.

“ఏమైనా తిన్నావా?” అన్నాను.

“లేదు.”

“ముందు తిను,” అని ఫోన్ పెట్టేశాను.